నెత్తి మీది నీలిదీపం

యూరప్‌లో ఏ దేశానికి వెళ్ళినా పోలీసు బండి నెత్తిన దీపం నీలంగానే ఉంటుంది. జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ, బ్రిటన్. భాషలు వేరు, యూనిఫారాలు వేరు, దీపం మాత్రం ఒకటే. ప్రమాదం అనగానే మనకు తట్టే రంగు ఎరుపు కదా, మరి నీలం ఎలా వచ్చిందని వెతుక్కుంటూ వెళితే నాకు దొరికిన జవాబు కాస్త విచిత్రమైనది. మొదట దాన్ని ఎంచుకున్నది దూరానికి కనపడకూడదని!

1938, జర్మనీ. నాజీ ప్రభుత్వం యుద్ధానికి సిద్ధమవుతోంది. వైమానిక దాడులు మొదలైతే ఊళ్ళకు ఊళ్ళు దీపాలు ఆర్పెయ్యాలి. కానీ పోలీసు బండ్లకీ, ఫైరింజన్లకీ ఆ చీకట్లో కూడా దారి కావాలి. వీధిలో ఉన్నవాడికి కనపడాలి, పైన విమానంలో ఉన్నవాడికి కనపడకూడదు. ఆ ఏడాది నిబంధనల్లో ఈ బండ్లకు నీలిదీపం ఖాయం చేశారు. సాధారణంగా చెప్పే కారణం ఇది: ఎరుపు, పసుపులతో పోలిస్తే నీలికాంతి గాలిలో ఎక్కువగా చెదిరిపోతుంది. ఆకాశం నీలంగా ఉండడానికి కారణమూ అదే. దగ్గరున్నవాడికి దీపం తెలుస్తుంది, ఎత్తుకి వెళ్ళేకొద్దీ మసకబారుతుంది.

యుద్ధం ముగిసింది, ఆ ప్రభుత్వం పోయింది, దీపం మిగిలింది. అవసరం మాత్రం తలకిందులైంది. ఇప్పుడది ఎంత దూరం నుంచి కనపడితే అంత మంచిది. ఆ పనికి నీలం తగిన రంగేనా? ఒక రకంగా కాదు. పాత ఫిలమెంట్ బల్బు వెలుగులో నీలం పాలు చాలా తక్కువ. నీలి గాజు తొడిగితే వెలుగులో ఎక్కువ భాగం ఆ గాజులోనే ఆగిపోతుంది. ఇంకో రకంగా చూస్తే అదృష్టం. సందె చీకటిలో ఎర్రపూలు నల్లబడినట్టు, నీలం తేటపడినట్టు కనిపిస్తాయని 1819లోనే చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే గమనించాడు. పైగా రోడ్డు మీద ఎరుపు అప్పటికే వేరే పనుల్లో ఉంది: బ్రేకు దీపం, వెనక దీపం, సిగ్నల్. పసుపేమో మరమ్మతు బండ్లకు పోయింది. దాక్కోవడానికి తెచ్చిన రంగు, పిలవడానికి పనికొచ్చింది.

ఇక మిగిలింది దాన్ని అదుపులో పెట్టడం. ఐక్యరాజ్యసమితి యూరప్ ఆర్థిక సంఘం వారి 65వ నిబంధన ప్రకారం ఈ దీపం సెకనుకి 2 నుంచి 4 సార్లు వెలిగి ఆరాలి. వెలుగు కనీసం ఇంత ఉండాలనే కాదు, ఇంతకు మించకూడదని కూడా అందులో ఉంది. పగటికి ఒక స్థాయి, రాత్రికి ఒక స్థాయి పెట్టుకునే వీలూ ఉంది. ఎల్‌ఈడీలు వచ్చాక ఈ పైహద్దు విలువ బాగా తెలిసొచ్చింది. ఎల్‌ఈడీ నేరుగా నీలాన్నే పుట్టిస్తుంది, వడకట్టే పని లేదు. రాత్రిపూట ఎదురొచ్చే డ్రైవరుకి కళ్ళు బైర్లు కమ్మితే, బండి పక్కన నిలబడ్డ పోలీసే అతనికి కనపడడు.

వెలిగించడానికి కూడా హద్దులున్నాయి. జర్మన్ రోడ్డు నియమాల్లో 38వ సెక్షన్ నాకు చాలా నచ్చింది. నీలిదీపమూ, హారనూ కలిసి వస్తేనే మిగతావాళ్ళు తక్షణం దారి వదలాలి. ఆ రెంటినీ కలిపి వాడాలంటే ప్రాణం కాపాడడం, పారిపోయేవాణ్ణి పట్టుకోవడం లాంటి అత్యవసరం ఉండాలి. దీపం ఒక్కటే వెలుగుతుంటే అది హెచ్చరిక, అంతే.

ఈ హద్దు చెరిగిపోతే ఏమవుతుందో మాస్కోలో చూశాం. అధికారులు, పెద్దమనుషులు నీలిదీపాలు పెట్టుకుని ట్రాఫిక్‌ని తోసుకుపోతుంటే, 2010లో జనం తమ కార్ల మీద నీలం ప్లాస్టిక్ బకెట్లు బోర్లించి తిరిగారు. మనకిదేం కొత్త కాదు. తెలుగులో ‘బుగ్గకారు’ అంటే దీపం ఉన్న కారని కాదు, పదవి అని అర్థం. 2017 మే 1 నుంచి మంత్రుల కార్ల మీద ఆ ఎర్రబుగ్గలు తీసేశారు, మాట మాత్రం ఇంకా నోట్లోంచి పోలేదు.

అద్దంలో నీలం మెరవగానే పక్కకి జరిగే డ్రైవరు, ఆ బండిలో ఎవరున్నారో చూసి జరగడు. అవతల ఎవరికో ప్రాణం మీదికొచ్చి ఉంటుందని నమ్మి జరుగుతాడు. ఊరికే వెలిగించిన ప్రతిసారీ ఆ నమ్మకం కొంత ఖర్చయిపోతుంది. నిజంగా అవసరం పడిన రోజున మిగిలి ఉండాల్సింది అదే.