వేలంపాట లెక్క తప్పిందా?

2008 ఫిబ్రవరి 20న ముంబైలో జరిగిన తొలి ఐపీఎల్ వేలంలో డెక్కన్ చార్జర్స్ ఆండ్రూ సైమండ్స్‌కు 13.5 లక్షల డాలర్లు పోసింది. ధోనీ తర్వాత అదే పెద్ద ధర. ఆ జట్టు లక్ష్మణ్, అందరికన్నా ఎక్కువ జీతం దక్కే ఐకాన్ హోదా వదులుకున్నది వేలానికి డబ్బు మిగలాలనే. తీరా 14 మ్యాచుల్లో రెండే గెలిచి ఆ హైదరాబాద్ జట్టు అట్టడుగున పడింది. తప్పు కొనుగోళ్లదేనని తేల్చేయడం తేలిక. ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌లో 1986లో మొదలైన డ్రాఫ్ట్‌లా, ఆఖరి జట్టుకు మొదటి ఎంపిక ఇచ్చే పద్ధతీ ఇక్కడ లేదు. అయినా మరుసటి ఏడాది కప్పు కొట్టింది చాలావరకు ఆ పాత సరుకే (వేలం భాష అలాంటిది మరి): కెప్టెన్ గిల్‌క్రిస్ట్, 23 వికెట్ల ఆర్పీ సింగ్ ఇద్దరూ తొలి వేలంలో కొన్నవాళ్లే. ఆ ఏడాది టోర్నీ జరిగిన దక్షిణాఫ్రికా పిచ్‌లు కలిసొచ్చాయనవచ్చు. కానీ అవి ఎనిమిది జట్లకూ ఒక్కటే. బెంగళూరును ఆరు పరుగులతో ఓడించిన ఆ ఫైనల్లో సైమండ్స్ కూడా ఉన్నాడు.