పోడు మోడు చెప్పే చరిత్ర

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మొన్న క్లాసులో అడవి ఎందుకు తగ్గుతోందని అడిగితే, ముందు బెంచీ నుంచి వచ్చిన మొదటి జవాబు "పోడు వల్ల సార్" అని. ఏజెన్సీ నుంచి వచ్చిన మేం నలుగురం తల దించుకుని కూర్చున్నాం. రాత్రి హాస్టల్లో మాట్లాడుకున్నాక, అప్పుడు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాం.

మన తాతలు పోడు కొట్టేటప్పుడు చెట్టుని వేళ్ళతో పెకలించలేదు, మోడు ఉంచారు. ఇప్ప, జీలుగు లాంటి చెట్లని ముట్టుకోలేదు. రెండు మూడేళ్ళు సామలు, కందులు పండించి, ఆ కొండని వదిలి ఇంకో కొండకి పోయేవారు.

వదిలిన కొండ మీద మోళ్ళు చిగురించేవి. ఎలాగో మాకు బోటనీలో తెలిసింది. కొమ్మ కొనలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందకి దిగుతూ పక్క మొగ్గల్ని పెరగనివ్వదు. కొన తెగితే ఆ అడ్డు పోయి, మొగ్గలు లేస్తాయి. మంచి తునికాకు కోసం ముందే పొదలు కొట్టేదీ ఇందుకే. కానీ ఆ చిగురుకి తిండి వేళ్ళలో దాచుకున్నదే. మళ్ళీ దాచుకోడానికి చెట్టుకి ఏళ్ళు పడుతుంది. ఆ లోపే కొడుతూ పోతే మోడు చచ్చిపోతుంది.

మరి ఆ ఏళ్ళని ఎవరు లాక్కున్నారు? 1864లో బ్రిటిషోళ్ళు అటవీ శాఖ పెట్టారు. రైలు పట్టాల కింద స్లీపర్లకి వాళ్ళకి కలప కావాలి. 1882 మద్రాసు అటవీ చట్టంతో కొండలు రిజర్వు అయ్యాయి, పోడు నేరమైంది. 1922లో అల్లూరి సీతారామరాజుతో కలిసి గాం గంటందొర, మల్లుదొర లాంటి మనోళ్ళు చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడ్డారంటే, వెట్టి పనితో పాటు ఈ పోడు కష్టం కూడా వెనక ఉంది.

తిరగడానికి కొండలు తగ్గిపోతే ఏమవుతుంది? ఉన్న కొండనే తొందరగా మళ్ళీ కొట్టాలి. మోళ్ళు అలిసిపోయాయి. ఇప్పటి పోడు వల్ల అడవికి నష్టమే లేదని మేం అనం. కథ సగం నుంచి మొదలుపెట్టి మన మీద రాయొద్దంటున్నాం. అడవి బిడ్డలకి చారిత్రక అన్యాయం జరిగిందని 2006 అటవీ హక్కుల చట్టమే ఒప్పుకుంది కదా.

సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఒక్క పని చెయ్యండి. మోడు ఎంత ఎత్తు ఉంచేవారు, కొండని ఎన్నేళ్ళు వదిలేవారు అని తాతనీ అవ్వనీ అడిగి రాసుకోండి. ఈసారి క్లాసులో ఆ ప్రశ్న వస్తే మనం లేచి నిలబడదాం.