ఆ నాలుగైదు సెకన్లు

మా తమ్ముడు షికాగోలో ఉంటాడు. వాడింటికి వెళ్ళినప్పుడు సోల్జర్ ఫీల్డ్ చూపించమని అడిగాను. "అక్కడేముంది అన్నయ్యా, ఫుట్‌బాల్ స్టేడియం. అదీ నువ్వనుకునే ఫుట్‌బాల్ కాదు" అంటూనే తీసుకెళ్ళాడు. పాతకాలపు రాతి స్తంభాల వరస అలాగే ఉంది. వాటి మధ్యలో కొత్త స్టేడియాన్ని పెద్ద గిన్నెలా కూర్చోబెట్టారు. 1927 సెప్టెంబరు 22 రాత్రి ఇక్కడే లక్ష మందికి పైగా జనం చూస్తుండగా జాక్ డెంప్సీ, జీన్ టనీని నేలకు కూలగొట్టాడు. కూలగొట్టినవాడు ఓడిపోయాడు, కూలినవాడు ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్‌గా మిగిలాడు.

ఆ కథంతా చెబితే, కారెక్కేలోపల మావాడు అందరూ అడిగే ప్రశ్నే అడిగాడు. "మరి సరిగ్గా లెక్కపెట్టి ఉంటే?"

అత్తకు మీసాలొస్తే మామా అని పిలుస్తామంటారు మనవాళ్ళు. చరిత్రలో 'అయ్యుంటే'లన్నీ అలాంటివేనని కొట్టిపారెయ్యొచ్చు. కానీ ఈ ఒక్క 'అయ్యుంటే' బాక్సింగ్ అభిమానులను ఇంతకాలమైనా వదల్లేదు. నన్నూ చాలా ఏళ్ళు వదల్లేదు. నేను డెంప్సీ పక్షం. ఫిల్మ్ చూసినప్పుడల్లా పక్కన ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకునే బాపతు.

ముందు జరిగింది చూద్దాం. అంతకు ఏడాది ముందు, 1926 సెప్టెంబరులో, ఫిలడెల్ఫియాలో వానలో తడుస్తూ టనీ పది రౌండ్లలో పాయింట్ల మీద డెంప్సీని ఓడించి చాంపియన్ అయ్యాడు. షికాగోది రెండో పోటీ. ఆరు రౌండ్ల దాకా అదే వరస: టనీ దూరం నుంచి కొట్టడం, తప్పుకోవడం. ఏడో రౌండులో తాళ్ళ దగ్గర డెంప్సీకి దొరికాడు. దెబ్బ మీద దెబ్బ పడింది. వృత్తిలోకి వచ్చాక టనీ కింద పడడం అదే మొదటిసారి. ఎడమచేత్తో తాడు పట్టుకుని అలా కూర్చుండిపోయాడు.

ఇల్లినాయ్ నియమం ప్రకారం పడగొట్టినవాడు దూరంగా ఉన్న ఖాళీ మూలకు వెళ్ళాలి. వాడు వెళ్ళేదాకా రెఫరీ లెక్క మొదలుపెట్టడు. పోటీకి ముందు ఇద్దరికీ చెప్పిన సంగతే ఇది. డెంప్సీ వెళ్ళలేదు. పడినవాడి దగ్గరే నిలబడ్డాడు. రెఫరీ డేవ్ బారీ అతన్ని పొమ్మని చెప్పి, పంపించి, వెనక్కి తిరిగి 'ఒకటి' అన్నాడు. తొమ్మిది దగ్గర టనీ లేచాడు. మొత్తం మీద కింద ఉన్నది 13, 14 సెకన్లు. లేచాక చిక్కకుండా వెనక్కి వెనక్కి తిరిగాడు. డెంప్సీ విసిగిపోయి, రా, వచ్చి కొట్టు అన్నట్టు చేత్తో సైగ చేశాడు. ఎనిమిదో రౌండులో టనీయే అతన్ని క్షణంపాటు కింద పడేశాడు. అప్పుడు మాత్రం రెఫరీ, టనీ మూలకు వెళ్ళేదాకా ఆగకుండా, వెంటనే లెక్క అందుకున్నాడు. పది రౌండ్లయ్యాక విజేత టనీ. డెంప్సీ తరఫువాళ్ళు అప్పీలు చేశారు గానీ తీర్పు మారలేదు.

సరే, ఇప్పుడు మార్చి చూద్దాం.

మొదటిది: రెఫరీ వెంటనే లెక్క మొదలుపెట్టి ఉంటే? 14 సెకన్లలోంచి పది తీసేసి, టనీ ఓడిపోయేవాడని తేల్చేస్తారు చాలామంది. కానీ టనీ రెఫరీ చేతిని చూస్తూ కూర్చున్నాడు. తొమ్మిది వచ్చేదాకా విశ్రాంతి తీసుకోవడం ఏ తెలివైన బాక్సరైనా చేసే పనే. లెక్క ముందే మొదలైతే ముందే లేచేవాడేమో! రెఫరీ లెక్క 'రెండు' దగ్గరే తనకు తెలిసిందని, ఆ తర్వాత ఎప్పుడైనా లేవగలిగేవాణ్ణని తర్వాత తనే చెప్పాడు. ఓడిపోయేవాడి మాట కాదు, నెగ్గినవాడి మాట కాబట్టి కొంత తగ్గించే తీసుకుందాం. అయినా లెక్కను మార్చేసి, మనిషిని మాత్రం అలాగే కూర్చోబెట్టడం కుదరదు.

రెండోది: డెంప్సీ వెంటనే మూలకు వెళ్ళి ఉంటే? నాకిది బలంగా కనిపిస్తుంది. టనీ లేచేవాడే, కానీ నాలుగైదు సెకన్ల విశ్రాంతి తక్కువగా, కాళ్ళు ఇంకా కుదురుకోకుండా లేచేవాడు. అప్పుడు ఆ వెనకడుగుల నాట్యం సాగేదా? అయితే ఇందులో తప్పు పట్టాల్సింది రెఫరీని కాదు, డెంప్సీనే. ఆ సెకన్లు ఎవరూ దొంగిలించలేదు, తనే ఇచ్చాడు.

మూడోది: అసలు ఆ నియమమే లేకపోయి ఉంటే? అది డెంప్సీ పాత లోకం. 1919లో టొలీడోలో జెస్ విలర్డ్‌ను మొదటి రౌండులోనే ఏడుసార్లు పడగొట్టి కిరీటం తీసుకున్నప్పుడు ప్రతిసారీ పక్కనే కాచుకున్నాడు, లేవగానే కొట్టాడు. ఆ లోకంలో టనీ ముగిసిపోయేవాడని ఒప్పుకుంటాను. కానీ ఆ లోకం కావాలంటే 1923 కూడా లెక్కలోకి వస్తుంది. ఆ ఏడు న్యూయార్క్‌లో ఫిర్పో కొట్టిన దెబ్బకు డెంప్సీ తాళ్ళలోంచి బయట పత్రికలవాళ్ళ మీద పడ్డాడు. వాళ్ళు ఎత్తి లోపలికి తోశారు. సాయం లేకుండా రావాలన్న నియమాన్ని గట్టిగా పట్టుకుని ఉంటే కిరీటం ఆ రాత్రే అర్జెంటీనాకు పోయేది. 1927లో నాలుగు సెకన్లు అడిగేవాళ్ళు 1923లో ఆ చేతులు ఎవరివని అడగరు.

ఇంకో సంగతి. గెలిచి ఉంటే డెంప్సీని జనం అంతగా ప్రేమించేవారా? మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యం తప్పించుకున్నాడన్న కేసులో 1920లో నిర్దోషిగా బయటపడ్డా, ఆ మచ్చ పోలేదు. చాంపియన్‌గా ఉన్నంతకాలం ఈలలు వేసి తిట్టినవాళ్ళే, ఓడిపోయాక నెత్తిన పెట్టుకున్నారు. టనీతో కూడా స్నేహం కుదిరింది. కిరీటం పోయింది, మనిషి మిగిలాడు. మంచి బేరమే.

చాలా ఏళ్ళు నేను ఇక్కడితోనే ఆగేవాణ్ణి. ఈ పోటీల వెనక చరిత్ర చదువుతుంటే ఒక పేరు మాటిమాటికీ తగిలేది. దాటేసేవాణ్ణి. హ్యారీ విల్స్.

న్యూ ఆర్లియన్స్ రేవులో పనిచేసి పైకొచ్చిన నల్లజాతి బాక్సర్. 1920ల మొదటి సగంలో డెంప్సీతో తలపడే హక్కు ఎవరికన్నా ఉందంటే అతనికే. 1922లో ఇద్దరూ ఒప్పందం మీద సంతకాలు చేశారు. పోటీ జరగలేదు. 1924 సెప్టెంబరు 6 తేదీ వేసి జెర్సీ సిటీ పోటీకి టికెట్లు కూడా అచ్చు వేయించాడు ప్రమోటర్ టెక్స్ రికర్డ్. పోటీ జరగలేదు. 1926లో విల్స్‌తో తలపడితే తప్ప కుదరదని న్యూయార్క్ కమిషన్ పట్టుపట్టింది. అందుకే డెంప్సీ, టనీల మొదటి పోటీ ఫిలడెల్ఫియాకు తరలిపోయింది. అంటే నేను ఇన్నాళ్ళు స్టాప్‌వాచ్ పెట్టుకుని చూసిన కథ మొదలైందే విల్స్‌ను తప్పించుకోవడంతో.

భయం ఎక్కడిదో కూడా దాపరికం లేదు. 1910లో జాక్ జాన్సన్, జేమ్స్ జెఫ్రీస్‌ను రీనోలో ఓడించినప్పుడు దేశమంతా జాతి అల్లర్లు జరిగాయి. ఆ పోటీ నడిపించింది, రెఫరీగా నిలబడింది ఈ రికర్డే. 1915లో జాన్సన్ ఓడిపోయాక ఇంకో నల్లజాతి మనిషికి హెవీవెయిట్ కిరీటం కోసం రింగెక్కే అవకాశం 1937 దాకా రాలేదు. 22 ఏళ్ళు. ఆ ఏడు జూన్ 22న జో లూయిస్ గెలిచిందీ ఈ షికాగోలోనే, కొమిస్కీ పార్కులో. అప్పటికి విల్స్ రింగు వదిలి ఐదేళ్ళయింది.

డెంప్సీ చేతిలో విల్స్ ఓడిపోయేవాడే కావచ్చు. బరిలో డెంప్సీని తక్కువ అంచనా వెయ్యలేం. కానీ ఓడిపోవాలన్నా రింగెక్కాలి కదా. డెంప్సీకి నాలుగైదు సెకన్లు అన్యాయం జరిగిందని ఇంతమందిమి ఇన్నేళ్ళు వాదించుకున్నాం. వాదించుకోవడానికి మనకో ఫిల్మ్ ఉంది, రెఫరీ ఉన్నాడు, అంకెలున్నాయి. విల్స్ విషయంలో లెక్కపెట్టేవాడే లేడు.

తిరిగొస్తూ దారిలో ఇదంతా తమ్ముడికి చెప్పాను. కాసేపు మాట్లాడకుండా కారు నడిపి, "ఆయన వీడియో ఏదైనా ఉంటే పంపించు అన్నయ్యా, రాత్రికి చూస్తా" అన్నాడు.

"డెంప్సీతోనా?"

"ఆఁ."

"లేదురా. టికెట్లు అచ్చేశారు, అంతే."