నడిగడ్డ తెలుగు

కృష్ణా తుంగభద్రల నడుమ గద్వాల, అయిజ, అలంపురములు గల సీమను జనులు నడిగడ్డ యందురు. అచ్చటి తెలుగు ఏ మాండలికమునకు చెందునని యడిగినవారికి సూటియైన సమాధానము దొరకదు. ఏలయన మన పండితులు మాండలికములను జిల్లాల వరుసను విభజించిరి, నడిగడ్డయో పాలకులు మారినప్పుడెల్ల వేఱొక సీమలో చేరుచు వచ్చినది.

బాదామి చాళుక్యులు అలంపురమున నవబ్రహ్మాలయములను గట్టించిన 7, 8 శతాబ్దులలో తెలుగు కన్నడములకు లిపి యొక్కటియే. పిమ్మట రాయచూరు అంతర్వేదికై బహమనీలును విజయనగర ప్రభువులును తరతరములు పోరాడిరి. 1839లో కర్నూలు ఆంగ్లేయుల వశము కాగా తుంగభద్ర రెండు పాలనలకు ఎల్ల యయ్యెను. ఈవలి యొడ్డున నైజాము ఏలుబడిలో గద్వాల సంస్థానము రాయచూరు జిల్లాలో నుండుటచే, కచేరీలో ఉర్దూ, జిల్లా కేంద్రమున కన్నడము, ఇంట తెలుగు వాడుక యయ్యెను. 1956 నవంబరు 1న గద్వాల, అలంపురము తాలూకాలు రాయచూరును వీడి మహబూబ్‌నగరు జిల్లాలో గలిసెను; 2016లో జోగులాంబ గద్వాల జిల్లా వెలసెను. జిల్లా మారినంత మాత్రమున నాలుక మారునా?

అయిజ సంతలో ఒక గడియ నిలిచిన చాలును. పాలమూరు (మహబూబ్‌నగరు) వైపువాడు "వచ్చిండు" అనును, కర్నూలు వైపువాడు "వచ్చినాడు" అనును, రాయచూరునుండి వచ్చిన బేరగాడు కన్నడమున ధర యడిగి తెలుగున బేరమాడును. ఎవ్వరికిని దుబాసీ యక్కఱలేదు.

ఇట్టి గడ్డ పండితులకు కొదువపడలేదు. గద్వాలకు విద్వద్గద్వాల యని పేరు. 1896లో బోరవెల్లిలో జన్మించిన సురవరము ప్రతాపరెడ్డిగారు, తెలంగాణమున కవులు లేరన్న యాక్షేపణకు బదులుగా 354 మంది కవుల రచనలతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. అయినను అది గ్రంథభాష గౌరవమునకై చేసిన వాదము. పలుకుబడికి గౌరవము వేఱొక మార్గమున వచ్చెను: 1953లో అలంపురమున జరిగిన ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలలో, జనుల నుడికారమునే కవిత్వముగా మలచిన కాళోజీ "నా గొడవ"ను శ్రీశ్రీ ఆవిష్కరించెను. రెండు వాదములకును ఈ చిన్న సీమయే ఆటపట్టగుట నాకు విశేషముగా దోచును.

ఇక మొదట జెప్పిన పండితుల విభజనకు వత్తము. భాషాశాస్త్రజ్ఞులైన భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశములో వ్యవసాయ సంపుటము 1962లో వెలువడినది. వారు తెలుగును పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య మండలములుగా విభజించిరి. ఆ గీతలో మహబూబ్‌నగరు ఉత్తరమున, కర్నూలు దక్షిణమున బడెను, నడుమ నేఱు మాత్రమే యుండెను. ఇది మనకొక్కరికే వచ్చిన చిక్కు కాదు. ఆఫ్రికాలో ఒరోమో భాషీయులలో బొరానా శాఖవారిని ఇథియోపియా, కెన్యా దేశముల సరిహద్దు రెండుగా జీల్చినది. 1991లో ఇథియోపియాలో ఆ భాషకు రోమను లిపి నధికారికముగా స్వీకరించినప్పుడు, పడమటి వల్లెగా పలుకుబడికిని తూర్పు హరరు పలుకుబడికిని పొత్తు గుదుర్పవలసిన పని వారికిని దప్పలేదు.

నేడు అయిజ చేలలో వినవచ్చు మాటలు మఱొక తీరువి. సీడు పత్తి వేసిన రైతు "క్రాసింగు" అనును, విత్తనము ఇచ్చి పంట గొనువానిని "ఆర్గనైజరు" అనును. ఉదయమున మగమొక్క పువ్వు పుప్పొడిని ఆడమొక్క పువ్వుకు రాయు కూలీలకు ఈ మాటలు జొన్నరొట్టె యన్నంత సహజములు. 1962 నాటి కోశములో వీనికి చోటు దొరకకపోవుట సంకలనకర్తల లోపము కాదు. తొలి సంకర పత్తి వంగడమైన హెచ్-4 సూరతులో 1970లో గాని వెలువడలేదు.