చతురంగ గృహసంఖ్య

తెలుగులో తొలి గణితగ్రంథకర్తగా ప్రసిద్ధుడైన పావులూరి మల్లన నన్నయ యుగానికి సమీపకాలికుడు. తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని ఆయన పద్యాలలో తెనిగించాడు. మూలంలోని జైన సంబంధమైన ఉదాహరణలకు బదులు శైవమైనవి నిలిపాడు.

మల్లన పేర ప్రసిద్ధమైన ఒక చంపకమాలలో చదరంగపు బల్ల లెక్క ఉంది. మొదటి గడిలో ఒకటి, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు. ఇలా అరువది నాలుగు గళ్ళలో రెట్టింపవుతూ పోతే మొత్తం 18446744073709551615. ఇరువది అంకెలనూ ఆయన భూతసంఖ్యలతో చెప్పాడు: చంద్రుడు 1, వేదాలు 4, శరాలు 5, దిగ్గజాలు 8, గగనం 0. ఏ వస్తువూ కాకుండానే అన్నిటికీ చోటిచ్చే శూన్యానికి ఆకాశమనే పేరు ఎంత సముచితం! అంకెల గతి కుడి నుండి ఎడమకు గనుక పద్యం శరంతో మొదలై చంద్రునితో ముగుస్తుంది.

ఇంత సంఖ్యను సాధించడానికి అరువది నాలుగు మార్లు రెట్టించనక్కరలేదు. రెండును వర్గిస్తే 4. దానిని మరల మరల వర్గిస్తే 16, 256, 65536, 4294967296. ఆరవ వర్గం నుండి ఒకటి తీసివేస్తే చాలు. పింగళుడు ఛందశ్శాస్త్రంలో గురులఘు ప్రస్తారసంఖ్యకు చూపిన మార్గం ఇదే. రెండుకూ, మొదటి ఐదు వర్గాలకూ ఒక్కొక్కటి చేర్చితే 3, 5, 17, 257, 65537, 4294967297 వస్తాయి. ఈ ఆరింటి లబ్ధమే చతురంగ సంఖ్య! వీటిలో మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలు. ఆరవదీ అట్టిదేనని ఫెర్మా భావించాడు. అది 641తో నిశ్శేషంగా భాగింపబడుతుందని ఆయిలర్ 1732లో కనుగొన్నాడు.

ఇన్ని శతాబ్దాల తాళపత్రలేఖనంలో అంకె మారలేదని నమ్మేదెలా? ఛందస్సు కాపాడుతుందని సాధారణ విశ్వాసం. అది అర్ధసత్యమే. లేఖకుడు ‘షట్క’కు బదులు ‘సప్త’ అని వ్రాసినా గణం చెడదు, యతిప్రాసలు చెడవు; సంఖ్య మాత్రం నూరు పెరుగుతుంది. అసలు రక్షణ సంఖ్యలోనే ఉంది. ఒక్క అంకె తప్పితే కలిగే భేదం తొమ్మిదికి మించని అంకెను పది ఘాతంతో గుణించినది. పదిహేడు దానిని భాగించలేదు. పక్కపక్క అంకెలు రెండు తారుమారైనా అంతే. కనుక అట్టి దోషం ఏది జరిగినా పదిహేడుతో భాగించగానే శేషం మిగులుతుంది. నేడు మనకు లభించిన పద్యపాఠాన్ని అట్లే భాగిస్తే వచ్చేది 1085102592571150095, శేషం లేదు.