జర్మన్ భాష, రాజకీయాల ఉమ్మడి డిగ్రీ

జర్మన్ భాషనూ రాజనీతి శాస్త్రాన్నీ ఒకే డిగ్రీలో సరిసమానంగా చదివే పద్ధతి బ్రిటన్ విశ్వవిద్యాలయాల్లో స్థిరపడింది. అక్కడ దీన్ని ‘జాయింట్ ఆనర్స్’ అంటారు. ఇంగ్లండ్‌లో సాధారణంగా నాలుగేళ్ల చదువు. మూడో ఏడు జర్మన్ మాట్లాడే దేశంలో గడపాలి. బ్రిస్టల్, వారిక్, ఎడిన్‌బరా వంటి చోట్ల ఈ జోడీ ఉంది. రెండు శాఖల పెద్దలు ముందుగా ఆలోచించుకుని కుదుర్చుకున్న సంబంధం కాదిది. రెండు యుద్ధాలు, ఒక దేశ విభజన, యూరప్ ఉమ్మడి మార్కెట్ కలిసి కుదిర్చాయి.

లండన్‌లో నేటి యూనివర్సిటీ కాలేజీ 1828లో పాఠాలు మొదలుపెట్టినప్పుడు జర్మన్ ఆచార్యుడిగా వచ్చినవాడు లుడ్విగ్ ఫాన్ మ్యూలెన్‌ఫెల్స్. ప్రష్యా ప్రభుత్వం రాజద్రోహ అనుమానంతో జైల్లో పెడితే తప్పించుకుని దేశం దాటిన న్యాయవాది ఆయన. బోధకుడి జీవితంలో అంత రాజకీయం ఉన్నా, పాఠ్యాంశాల్లోకి రాజకీయం రావడానికి ఇంకో వందేళ్లు పట్టింది. ఆక్స్‌ఫర్డ్‌లో 1854 నుంచి ఆధునిక యూరప్ భాషల పీఠంలో ఉన్న మాక్స్ ముల్లర్ మనకు ఋగ్వేద సంపాదకుడిగానే పరిచయం. 1870లో జర్మనీ, ఫ్రాన్స్ యుద్ధానికి దిగినప్పుడు ఆయన ‘టైమ్స్’ పత్రికకు జర్మనీ పక్షాన లేఖలు రాశాడు. అవి పాఠ్యాంశాల్లోకి రాలేదు. కేంబ్రిడ్జ్‌లో 1886లో తొలిసారి ఆధునిక భాషల ఆనర్స్ పరీక్ష జరిగినా, పాత జర్మన్ వ్యాకరణానికి దక్కిన పీట బిస్మార్క్ జర్మనీకి దక్కలేదు. లాటిన్, గ్రీకు పండితుల ముందు తమదీ గట్టి చదువేనని చూపించుకోవాలన్న తాపత్రయం ఇందుకు కొంత కారణం.

మొదటి ప్రపంచ యుద్ధం ఆ ధోరణిని కుదిపింది. శత్రువు భాష ఎందుకని జనం విసుక్కుంటున్న రోజుల్లోనే, 1916లో స్టాన్లీ లీథ్స్ అధ్యక్షతన ప్రభుత్వం ఒక సంఘాన్ని వేసింది. భాషతో పాటు ఆ దేశ చరిత్ర, పాలనా సంస్థలు, జనజీవనం నేర్పాలని, జర్మన్‌ను వదులుకోకూడదని ఆ సంఘం 1918 నివేదికలో సూచించింది. విశ్వవిద్యాలయాలు నిదానంగానే కదిలాయి. 1935లో డబ్ల్యూ.హెచ్. బ్రూఫర్డ్ పద్దెనిమిదో శతాబ్దపు జర్మన్ సాహిత్యం వెనుక ఉన్న సమాజాన్ని వివరిస్తూ పుస్తకం తెచ్చాడు. మార్క్సిస్టు రాయ్ పాస్కల్ 1934లోనే నాజీ నియంతృత్వం మీద రాశాడు. 1939 నుంచి మూడు దశాబ్దాలు బర్మింగ్‌హామ్‌లో జర్మన్ శాఖను నడిపింది ఆయనే. బ్రూఫర్డ్, లండన్ ఆచార్యుడు ఫ్రెడరిక్ నార్మన్ యుద్ధకాలంలో బ్లెచ్‌లీ పార్క్‌లో జర్మన్ రహస్య సందేశాల పనిలో ఉన్నారు. భాష తెలిసినవాళ్ల అవసరం ప్రభుత్వానికి అంత స్పష్టంగా మరెప్పుడూ తెలిసి ఉండదు.

ఉమ్మడి డిగ్రీకి అసలు ఊపు 1960లలో వచ్చింది. 1961లో మొదలైన ససెక్స్ విశ్వవిద్యాలయం శాఖల గోడలు తీసేసి యూరప్ అధ్యయనాలకు ఒక స్కూలు పెట్టింది. 1966లో విశ్వవిద్యాలయ హోదా పొందిన ఆస్టన్, బాత్, బ్రాడ్‌ఫర్డ్ సాంకేతిక సంస్థలకు గేటే, షిల్లర్ల సాహిత్య పరంపరను మోయాల్సిన బరువు లేదు. అక్కడ భాషా విద్యార్థి సమకాలీన రాజకీయం, ఆర్థిక వ్యవస్థ చదివాడు. పాత విశ్వవిద్యాలయాలు మొదట పెదవి విరిచినా తర్వాత అదే బాట పట్టాయి. 1973లో బ్రిటన్ యూరప్ ఆర్థిక కూటమిలో చేరింది. మరుసటి ఏడే జర్మన్ రాజకీయాల అధ్యయనానికి పండితుల సంఘం ఏర్పడింది. బెర్లిన్ గోడ కూలాక 1992లో ‘జర్మన్ పాలిటిక్స్’ పత్రిక, 1994లో బర్మింగ్‌హామ్‌లో విలియం పేటర్సన్ సారథ్యంలో జర్మన్ అధ్యయనాల సంస్థ వచ్చాయి.

ఈ చదువులో రెండు సగాలు నిజంగా ఎక్కడ కలుస్తాయో చూడాలంటే జర్మనీ పార్లమెంటు బుండెస్‌టాగ్ ఎన్నికల బ్యాలెట్ పత్రం చాలు. ఎడమ వరుసలో నల్ల అక్షరాల్లో నియోజకవర్గ అభ్యర్థులు, కుడి వరుసలో నీలి అక్షరాల్లో పార్టీల జాబితాలు. ఓటరుకు రెండు ఓట్లు. సభలో పార్టీల బలం తేల్చేది నీలి వరుసే. 2023లో చట్టం మారాక, నియోజకవర్గంలో గెలిచినా పార్టీకి రెండో ఓట్లు చాలకపోతే సీటు రాదు. 2025 ఎన్నికల్లో 23 మంది విజేతలు అలా సభ గడప తొక్కలేకపోయారు. మన ఎన్నికలు చూసినవాళ్లకు ఇది విడ్డూరంగా తోస్తుంది. ఆ చట్టం మీద చర్చను జర్మన్‌లోనే చదివి, ఆ వింత వెనుక లెక్క చెప్పగలగడం ఈ డిగ్రీ కోరే నైపుణ్యం. నిజానికి చాలాచోట్ల రెండు శాఖలూ ఎవరి పాఠం వారు చెప్పి ఊరుకుంటాయి. వాటిని కలిపే పని విద్యార్థిదే. విదేశంలో గడిపే ఆ ఏడాదిలోనే అది ఎక్కువగా సాగుతుంది.

ఆ ఏడాదికే ఇప్పుడు చిక్కొచ్చింది. 1987 నుంచి నడిచిన యూరప్ విద్యార్థుల మార్పిడి పథకం ఎరాస్మస్ నుంచి బ్రెగ్జిట్ తర్వాత బ్రిటన్ తప్పుకుంది. దాని బదులు 2021లో సొంతంగా ట్యూరింగ్ పథకం పెట్టుకున్నా, విద్యార్థులకు వీసాల బెడద తప్పలేదు. ఇంగ్లండ్ బడుల్లో 14 ఏళ్లు దాటినవాళ్లకు విదేశీ భాష తప్పనిసరి కాదని 2004లో తేల్చడం అంతకన్నా పెద్ద దెబ్బ. బడి చివరి పరీక్ష ఏ-లెవెల్‌లో జర్మన్ రాసేవాళ్లు ఇటీవలి ఏళ్లలో 3 వేలకు లోపే. అందుకే చాలా విశ్వవిద్యాలయాలు అక్షరాల నుంచి నేర్పే తరగతులు తెరిచాయి. అలా మొదలుపెట్టిన విద్యార్థి పార్టీ ప్రణాళికను మూలంలో చదివే స్థాయికి రావడానికి చాలా కాలం పడుతుంది. ఈలోగా రాజకీయాన్ని ఇంగ్లిష్‌లోనే చదువుతాడు.

భారతదేశంలో ఈ రెంటినీ ఎక్కువగా వేర్వేరు గూళ్లలోనే ఉంచారు. ఢిల్లీ జేఎన్‌యూలో జర్మన్, భాషల స్కూలు కిందా, యూరప్ రాజకీయం అంతర్జాతీయ అధ్యయనాల స్కూలు కిందా ఉన్నాయి. హైదరాబాద్‌లో ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) జర్మన్‌లో డిగ్రీలు ఇస్తుంది. అక్కడ భాష, సాహిత్యం, సంస్కృతే ప్రధానం. రెండూ కలిపి చదవాలనుకునేవాళ్లు ముందు భాషలో డిగ్రీ చేసి, ఆపై మాస్టర్స్‌కు జర్మనీ విశ్వవిద్యాలయాల వైపు చూడవచ్చు. జర్మనీ విద్యా మార్పిడి సంస్థ ‘డాడ్’ ఇచ్చే ఉపకార వేతనాలకూ దరఖాస్తు చేసుకోవచ్చు.