రాడార్ ఫిల్ముల్లో దొరికిన పిట్టల లెక్క

రాడార్ అనగానే మన కోస్తా జిల్లాల వారికి తుఫాను గుర్తుకొస్తుంది. ఆ యంత్రమే పక్షుల వలస చరిత్రను కూడా దాచిపెట్టిందంటే చాలామందికి వింతగా ఉంటుంది. రికార్డు రూముతో ముప్ఫై ఏళ్ళు సావాసం చేసిన గుమాస్తాను కనుక, ఈ కథలో ఒక ఘట్టం నన్ను ప్రత్యేకంగా ఆకట్టుకొన్నది.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ రాడార్ తెరల మీద విమానాలేవీ లేనిచోట కూడా చుక్కలు కనిపించేవి. వాటికి ‘దేవదూతలు’ అని ముద్దుపేరు పెట్టారు. వాటిలో చాలా భాగం పక్షులేనని డేవిడ్ లాక్, జార్జ్ వార్లీ అనే శాస్త్రజ్ఞులు 1945లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు.

అదే ఏడాది అమెరికాలో ఒక తగవు మొదలైంది. చలికాలం దక్షిణాన గడిపిన చిన్నపిట్టలు వసంతంలో ఉత్తరానికి తిరిగి వెళ్ళేటప్పుడు మెక్సికో సింధుశాఖను అడ్డంగా దాటుతాయా, లేక ఒడ్డు వెంబడి చుట్టి వస్తాయా? చుట్టి వస్తాయని టెక్సాస్‌లో జార్జ్ విలియమ్స్, దాటుతాయని లూసియానాలో జార్జ్ లోవరీ వాదించారు. 1948 వసంతంలో మెక్సికోలోని ప్రొగ్రెసో రేవులో టెలిస్కోపును చంద్రుడి మీదికి తిప్పి, బింబానికి అడ్డంగా పోయే పిట్టలను లెక్కపెట్టించారు లోవరీ. ఎంత ఓపిక! కానీ మబ్బు పట్టినా, వెన్నెల లేకపోయినా ఆ లెక్క సాగదు.

లోవరీ శిష్యుడు సిడ్నీ గోత్రో 1960లలో న్యూ ఆర్లీన్స్, లేక్ ఛార్లెస్ వాతావరణ కార్యాలయాల రాడార్లను ఆశ్రయించారు. ఏప్రిల్, మే నెలల్లో పట్టపగలు సముద్రం మీదినుంచి చుక్కల గుంపులు ఒడ్డుకు రావడం ఆ తెరల మీద కనిపించింది. యుకటాన్‌లో చీకటి పడ్డాక బయలుదేరిన పిట్టలు దాదాపు వెయ్యి కిలోమీటర్లు ఆగకుండా ఎగిరి మరునాడు ఇవతలి గట్టుకు చేరుతున్నాయన్నమాట. ఇలా సముద్రం దాటేవాటిలో మూడు గ్రాముల హమ్మింగ్‌బర్డ్ కూడా ఉంది.

మరి ఒడ్డున నిలబడి చూసినవారికి పిట్టలు ఎందుకు కనిపించలేదు? గాలి అనుకూలంగా ఉంటే అవి ఒడ్డున దిగకుండా లోపలి అడవులదాకా పోతాయి. ఎదురుగాలి, వాన తగిలితేనే అలసిపోయి తీరంలోని మొదటి చెట్ల మీద వాలిపోతాయి. అంటే వాతావరణం బాగున్న రోజున ఒడ్డు ఖాళీ! అయితే రాడార్ ఏ పిట్టో చెప్పదు; అందుకు మళ్ళీ బైనాక్యులర్స్ పట్టుకొని చెట్ల కింద తిరగవలసిందే. గోత్రో రెండు పనులూ చేశారు.

ఇక నేను చెప్పదలచిన ఘట్టం. వాతావరణ శాఖవారు రాడార్ తెరను ఫిల్ము తీసి భద్రపరిచేవారు. అది వానల కోసం చేసిన పని. మన సెక్షన్లలో అయితే ఎవరో ఒకరు ‘ఎల్.డిస్.’ అని రాసి చించేయడానికి పంపేవారేమో! అక్కడ అవి మిగిలాయి. గోత్రో 1965–67 నాటి రికార్డును 1987–89 నాటి దానితో పోల్చి చూశారు. పిట్టల గుంపులు సముద్రం దాటివచ్చిన రోజులు ఇరవై ఏళ్ళలో దాదాపు సగానికి పడిపోయాయి.

మూడేళ్ళతో మూడేళ్ళు పోల్చితే చాలునా అన్న సందేహం నాకూ కలిగింది. గాలివానలు ఏటా ఒకేలా ఉండవు కదా. 2019లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాక ఆ సందేహం చాలావరకు తీరింది. ఊరూరా మామూలు మనుషులు ఏళ్ళ తరబడి రాసిన పక్షుల లెక్కల ప్రకారం అమెరికా, కెనడాలలో 1970 నుంచి సుమారు 290 కోట్ల పక్షులు తగ్గాయి. 143 రాడార్ల రికార్డు ప్రకారం 2007–2017 మధ్య వసంతపు వలస సుమారు 14 శాతం తగ్గింది. ఒకరి చిట్టా చూడకుండా మరొకరు రాసిన ఖాతాలు ఒకే వైపు చూపాయి.

ఇప్పుడు ఆ రాడార్లతోనే ఏ రాత్రి ఎన్ని పిట్టలు వస్తాయో ముందుగా అంచనా కడుతున్నారు. మన పెన్షనర్ల పిల్లలు చాలామంది ఉంటున్న డాలస్, హ్యూస్టన్ నగరాల్లో వలసల రోజుల్లో రాత్రి 11 నుంచి ఉదయం 6 దాకా అనవసరపు దీపాలు ఆర్పమని కోరుతున్నారు. వెలుగుకు దారి తప్పిన పిట్టలు అద్దాల మేడలకు కొట్టుకొని చనిపోతాయి.